పోరగాళ్ల పాట మీద పెద్దల తీర్పు

కరీంనగర్‌లో పుస్తకావిష్కరణ అయినా, ఆదిలాబాద్‌లో కళాకారుల సన్మానమైనా, జగిత్యాలలో పెళ్లి పంక్తి అయినా ఈ మధ్య ఒక తీర్పు తప్పకుండా వినబడుతోంది. నేటి పిల్లలకు సంగీతం మీద అభిరుచి లేదట. డీజే మోత, యూట్యూబ్ పాట తప్ప వాళ్లకు మరొకటి పట్టదట. మన జానపదాన్ని చంపింది వీళ్లేనట. ఈ మాటలు అనేవాళ్లు ఆషామాషీ మనుషులు కారు. అధ్యాపకులు, కవులు, ఒకప్పుడు ఊరేగింపుల్లో గొంతెత్తి పాడినవాళ్లు. అందుకే విన్నవాళ్లు మారు మాట్లాడకుండా తలూపుతున్నారు.

ఈ తీర్పు తప్పు. ఒక నిజాన్ని కాస్త సాగదీసి చెప్పడం కాదిది, మొదలే తప్పు. ఉత్తర తెలంగాణ యాసనూ దరువునూ ఇవాళ సొంత డబ్బు, సొంత సమయం పెట్టి, ఒళ్లు వంచి బతికిస్తున్నది ఆ పిల్లలే. వాళ్ల పాటల చుట్టూ గట్టి సమస్యలు లేవని నేను అనను. ఉన్నాయి. కానీ అవి అభిరుచికి సంబంధించినవి కావు. ఒకటి చట్టాన్ని అమలు చేయకపోవడం, రెండోది కష్టపడినవాడికి వాటా దక్కకపోవడం. ఆ రెంటినీ పట్టించుకోవాలంటే పని చేయాలి. పిల్లల అభిరుచిని తిట్టడానికి మైకు ఉంటే చాలు.

ముందు ఈ ఆరోపణ ఎంత పాతదో చూద్దాం. దాని నిండు రూపం 1950ల అమెరికాలో కనబడుతుంది. 1954 జులైలో మెంఫిస్ నగరంలోని సన్ స్టూడియోలో పంతొమ్మిదేళ్ల ఎల్విస్ ప్రెస్లీ తన తొలి హిట్ పాటను రికార్డు చేశాడు. 1955లో బిల్ హేలీ బృందం పాడిన ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అదే ఏడాది చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ జనం నోళ్లలో పడ్డారు. వెనువెంటనే గోల మొదలైంది. ఇది సంగీతం కాదు, రొద అన్నారు. పిల్లలు చెడిపోతారన్నారు. నడుము ఊపడం అశ్లీలమన్నారు. 1957 జనవరిలో ఎడ్ సలివన్ టీవీ షోలో ఎల్విస్ పాడుతుంటే కెమెరాను అతని నడుము కిందికి దిగనివ్వలేదు.

రాక్ అండ్ రోల్ అనే ఆ సంగీతాన్ని అందరికన్నా ఘాటుగా తిట్టినవాళ్లలో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఒకడు. 1957లో ఒక పత్రికలో పాటనూ పాడేవాళ్లనూ కలిపి తూర్పారబట్టాడు. అంతకు పదమూడేళ్ల ముందు, 1944 అక్టోబరులో, ఇదే సినాట్రా కోసం న్యూయార్క్‌లోని పారామౌంట్ థియేటర్ ముందు వేలాది ఆడపిల్లలు విరగబడితే పోలీసులు దిగాల్సి వచ్చింది. ఆ పిల్లలకు పిచ్చి పట్టిందని అప్పటి పెద్దలు అన్నారు. మళ్లీ 1960లో, సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన ఎల్విస్‌ను తన టీవీ కార్యక్రమానికి పిలిచి, పక్కన నిలబెట్టుకుని పాడింది కూడా సినాట్రానే. తిట్లు తిన్న తరం పెద్దదయ్యాక తర్వాతి తరానికి అవే తిట్లు అప్పజెప్పడం అతనితో మొదలు కాలేదు, అతనితో ఆగిపోనూ లేదు.

ఆ తిట్ల వెనక ఏముందో చెప్పే ఘటన ఇంకొకటుంది. 1956 ఏప్రిల్‌లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ పాడుతుండగా కొందరు తెల్లవాళ్లు వేదిక మీదికి ఎగబాకి అతన్ని కింద పడేశారు. వాళ్లకు ఆశ్రయమిచ్చిన శ్వేతజాతి సంఘం అప్పటికే రాక్ అండ్ రోల్‌కు వ్యతిరేకంగా పెద్ద ప్రచారం నడుపుతోంది. కానీ కోల్ పాడేది రాక్ అండ్ రోల్ కానే కాదు. మెత్తటి ప్రేమపాటలు, నిదానమైన గొంతు. రొద మీదే కోపమైతే ఆ మనిషి మీద చేయి పడేది కాదు. వాళ్లకు గిట్టనిది చప్పుడు కాదు, ఆ చప్పుడుకు తెల్ల పిల్లలూ నల్ల పిల్లలూ ఒక్కచోట చేరడం. పాట మీద కోపం వెనక చాలాసార్లు మనుషుల మీద కోపం ఉంటుంది.

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. డప్పు అంతరిస్తోందని బాధపడే సభల్లో ఒక సంగతి ఎవరూ ఎత్తరు. చావుకు, జాతరకు, చాటింపుకు డప్పు కావాలి. వాయించే మనిషి మాత్రం వాకిట్లోనే నిలబడాలి. తరాలపాటు మన ఊళ్లు నడిచిన తీరు ఇది. ఆ దరువు మీద ఇంత ప్రేమే ఉంటే బడిలో ఒక్క పూటైనా నేర్పించేవాళ్లం. దాన్ని కళగా ఒప్పుకోవడానికి పోరాటాలు, ఉద్యమాలు కావలసి వచ్చాయి. ఇంత ఆలస్యంగా గౌరవించడం నేర్చుకున్నవాళ్లు, ఆ దరువుకు రోజూ ఒళ్లు ఊగే పిల్లలకు గౌరవం గురించి పాఠం చెబుతున్నారు.

సినిమా పాట సంగతీ అంతే. పెద్దలు స్వర్ణయుగమని పిలిచే పాటలు ఎప్పుడు పుట్టాయి? ‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది, ‘దేవదాసు’ 1953లో, ‘మాయాబజార్’ 1957లో. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి.కేస్కర్ సినిమా పాట జనం అభిరుచిని పాడు చేస్తోందని ఆకాశవాణి నుంచి దాన్ని దాదాపు వెలివేశారు. శ్రోతలు శాస్త్రీయ సంగీతానికి మళ్లలేదు, రేడియో ముల్లును రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో ప్రభుత్వమే వివిధ భారతి పెట్టి సినిమా పాటను ఇంట్లోకి పిలుచుకోవాల్సి వచ్చింది. అంటే, ఏ పాటలను చూపించి నేటి పిల్లలను తక్కువ చేస్తున్నామో, ఆ పాటలు పుట్టినప్పుడు ఢిల్లీ పెద్దలకు అవి అభిరుచి లేని జనం పాటలు. ఇదే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని కూడా మైకు దగ్గరికి రానివ్వలేదు. మన ఊళ్లలో భజన మండళ్లు ఆ నిషేధాన్ని లెక్క చేయలేదు. యూరప్ నుంచి వచ్చిన ఆ పెట్టె ఇవాళ మనకు సంప్రదాయం. పెళ్లి బ్యాండులోని క్లారినెట్, ట్రంపెట్ కూడా పరాయి సైన్యాల వెంట వచ్చినవే. డీజే బాక్సు రాకముందు పెళ్లి ఊరేగింపు స్వచ్ఛంగా ఉండేదని ఎవరైనా అంటే, ఏ ఏడాది నుంచి లెక్క వేస్తున్నారో కూడా చెప్పాలి.

వేములవాడ పక్కనున్న హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలు రాసి సినిమాలోకి అడుగుపెట్టారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. సినిమా పాట రాసినందుకు ఆయన కవిత్వం పలచబడలేదు. జనం పాటకు, పండితుల పాటకు మధ్య గోడ కట్టేవాళ్లకు కరీంనగర్ జిల్లా ఇచ్చిన జవాబు అది.

‘జానపదాన్ని చంపారు’ అన్నది రెండో ఆరోపణ. పాత బాణీకి కొత్త మాటలు కట్టడమే చంపడమైతే, ఆ నేరం మొదట చేసింది ఎవరు? 1970లలో జన నాట్యమండలి ఊరి బాణీలను తీసుకుని వాటిలో కూలి, భూమి, వెట్టి పోసింది. మంచిర్యాల ప్రాంతంలోని లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య ‘ఊరు మనదిరా’ రాసింది ఆ ఊపులోనే. ఆ పాట భాషల హద్దులు దాటింది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన పల్లెలు అటువంటి పాటలతోనే కదిలాయి. పల్లె దరువును తీసుకుని, మాట మార్చి, వేగం పెంచి, కొత్త అవసరానికి వాడుకున్నారు. దాన్ని జానపదానికి పునర్జన్మ అంటున్నాం, సరిగ్గానే అంటున్నాం. వాడుకున్నది ఇరవై ఏళ్ల పిల్లలే. మరి ఇవాళ ఇరవై ఏళ్ల పిల్లవాడు అదే దరువును కీబోర్డులోకి ఎక్కించి ప్రేమ పాట కడితే అది హత్య ఎలా అవుతుంది? విప్లవానికి వాడుకుంటే పవిత్రం, ప్రేమకు వాడుకుంటే పాపం అన్న నియమాన్ని జానపదం ఏనాడూ ఒప్పుకోలేదు. నాట్లప్పటి పాటల్లో వలపు ఉంది, బావమరదళ్ల సరసం ఉంది, అచ్చు వేయడానికి సంకలనకర్తలు జంకిన మోటు మాటా ఉంది.

ఆదిలాబాద్ అడవుల వైపు చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. దీపావళి వేళ రాజగోండుల గూడేల్లో దండారీ ఆట బృందాలు కదులుతాయి. గుస్సాడీ వేషం కట్టేది ఎక్కువగా యువకులే. తలమీద నెమలి పింఛాల పెద్ద కిరీటం, ఒంటినిండా బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్ర, కాలికి గజ్జెలు. దీక్ష సాగినన్ని రోజులూ స్నానం చేయరు. డప్పు, గుమేల, పెప్రె మోగుతుండగా ఒక గూడెం బృందం మరో గూడేనికి పోతుంది, రాత్రి తెల్లవార్లూ ఆట. ఆ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాలు కూడా కుదురుతాయి. మార్లవాయికి చెందిన కనకరాజు ఆ ఆటను 1980ల మొదట్లో ఢిల్లీ గణతంత్ర వేడుకలకు తీసుకుపోయారు, ఎందరో పిల్లలకు నేర్పారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయనకు పురస్కారం వచ్చినప్పుడు పట్నంలో అందరం చప్పట్లు కొట్టాం. కానీ గుస్సాడీ అంటే ఏమిటి? పడుచువాళ్లు ఒళ్లు మరిచి, చెవులు దద్దరిల్లే వాయిద్యాల మధ్య, రాత్రంతా, ఇంటి కట్టుబాట్లకు కొంత దూరంగా ఆడే ఆట. ఈ మాటలనే పెళ్లి ఊరేగింపు బారాత్ గురించి చెబితే నిందగా వినబడుతున్నాయి. గోండు యువకుడి ఒళ్లు ఊగితే సంస్కృతి, కరీంనగర్ కార్ఖానగడ్డ పిల్లవాడి ఒళ్లు ఊగితే వికృతి అనడానికి ఏ కొలత ఉంది?

బారాత్‌ను ఒక్కసారి దగ్గరి నుంచి చూడండి. డీసీఎం వ్యాను మీద పేర్చిన బాక్సులు, వెనక జనరేటర్. ల్యాప్‌టాప్ ముందు నిలబడ్డ ఆపరేటర్ పాట మార్చే ముందు ఆడేవాళ్ల కాళ్లవైపు చూస్తాడు. కాళ్లు బరువెక్కితే వేగం తగ్గిస్తాడు, గుంపు పలచబడితే తీన్మార్ వేస్తాడు. ఆ దరువు పడగానే అప్పటిదాకా అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ కొంగు నడుముకు దోపుకుని దిగుతుంది. ఆ తీన్మార్ డప్పుదే. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బ పడాలో, ఎక్కడ ఆపి ఊరించాలో అతనికి తెలుసు. జాతరలో డప్పు పట్టినవాళ్లకు తెలిసిన విద్య అదే. దాన్ని అభిరుచి లేకపోవడం అనలేం. చెవి ఉన్నవాడే ఆ పని చేయగలడు.

2021 ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బారాత్‌లో వరుడి ముందు ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడింది. లక్ష్మణ్ రాసిన ఆ పాటకు ఎస్.కె.బాజీ బాణీ కట్టారు, మోహన భోగరాజు పాడారు. ఆ వీడియో ఇంటింటికీ చేరింది. మెచ్చుకున్నవాళ్లు చాలామంది. పెళ్లికూతురికి ఇదేం పద్ధతి అని మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. ఆ విరుపులో సంగీతం గురించిన ఆలోచన ఒక్కటీ లేదు. తల దించుకుని కూర్చోవాల్సిన పిల్ల నడివీధిలో సంతోషంగా ఆడడమే వాళ్లకు మింగుడు పడలేదు. ఎల్విస్ నడుమును కెమెరా నుంచి దాచినవాళ్ల ఇబ్బందికి, ఈ ఇబ్బందికి తేడా లేదు.

ఇక ఆ పాటల భాష. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో మన యాస ఎవరి నోట పెట్టారో అందరికీ తెలుసు. రౌడీకి, జోకరుకు. హీరో హీరోయిన్లు ఆ మాట మాట్లాడితే ప్రేక్షకుడు ఒప్పుకోడన్నారు. ఆ మాటను ప్రేమ మాటగా, పెళ్లి మాటగా రెండు తెలుగు రాష్ట్రాల వీధుల్లో మోగించింది ఎవరు? సెల్‌ఫోన్‌తో పాట తీసి, యూట్యూబ్‌లో పెట్టి, లాభం వస్తుందో రాదో తెలియకుండా అప్పు చేసిన ఊరి పిల్లలు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్ మొదలైనప్పుడు దాన్ని ఏ అకాడమీ నెత్తిన పెట్టుకోలేదు. సిరిసిల్ల నుంచి వచ్చిన వేణు ఎల్దండి 2023లో ‘బలగం’ తీస్తే, భీమ్స్ సిసిరోలియో సంగీతం కట్టిన ఆ సినిమా పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం పొందారు. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ ఆ సినిమా చూశారు. యాసకు ఈ గౌరవం సభల్లో తీర్మానాలతో రాలేదు. యాస పాట విని, మళ్లీ మళ్లీ విని, నలుగురికీ పంపిన పిల్లల వల్ల వచ్చింది.

ఇప్పుడు నిజమైన లోపాల దగ్గరికి. మోత ఎక్కువైంది, నిజమే. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పసిపిల్లలు, పరీక్షలకు చదివేవాళ్లు ఇబ్బంది పడుతున్నారు, నిజమే. దానికి 2000 సంవత్సరం నుంచి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ నియమం డీజేకు ఎంతో, గుడి మైకుకూ రాజకీయ సభకూ అంతే. అమలు చేయమని అడగండి, నేనూ సంతకం పెడతాను. కానీ త్యాగరాజ కీర్తనను అదే బాక్సులో అంతే మోతగా పెడితే అప్పుడూ చెవులు పగులుతాయి. డెసిబెల్ లెక్కకు రాగం తెలియదు. మోతకు మందు వేరు, అభిరుచి మాట వేరు.

బతుకమ్మ దగ్గర మాత్రం పెద్దల ఫిర్యాదులో బలం ఉంది. అక్కడ పాట వినడానికి కాదు, పాడడానికి. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుని చప్పట్లతో తిరగాలి. బాక్సు పెట్టగానే గొంతులు ఆగిపోతాయి, పాట ఎత్తుకునే అమ్మ పక్కకు జరుగుతుంది. ఇది నష్టం. అయితే అక్కడ బాక్సు పెట్టించేది ఎక్కువసార్లు పన్నెండో తరగతి పిల్ల కాదు. చందా ఇచ్చే నాయకుడు, తన ఫ్లెక్సీ పక్కన తన బాక్సు ఉండాలనుకునే నాయకుడు. ఆయన్ని ఏమీ అనలేక పిల్లలను అనడం న్యాయం కాదు.

ఆడపిల్ల వెంటపడి వేధించడాన్ని ప్రేమగా చూపే పాటలూ ఉన్నాయి. వాటిని పేరు పెట్టి తప్పు పట్టాలి. కానీ ఆ జాడ్యం డీజేతో రాలేదు, మనం ఈలలు వేసిన పాత సినిమాల్లో హీరోలు చేసిందే అది.

అన్నిటికన్నా పెద్ద అన్యాయం వాటాది. 1952లో బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని ‘హౌండ్ డాగ్’ రికార్డు చేసింది, మరుసటి ఏడు అది పెద్ద హిట్టయింది. 1956లో ఎల్విస్ దాన్నే పాడి లోకమంతా చుట్టాడు. తనకు దక్కింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని ఆమె తర్వాత చెప్పుకుంది. లిటిల్ రిచర్డ్ ‘టుట్టీ ఫ్రూటీ’ని తెల్లవాడైన ప్యాట్ బూన్ మళ్లీ పాడితే ఆ నకలే పట్టికలో అసలు కన్నా పైకెక్కింది. మన దగ్గరా నాట్లేసే అవ్వ దగ్గర విన్న పాట స్టూడియోకు పోయి, అక్కడి నుంచి సినిమాకు పోయి, కోట్ల మంది చూశాక కూడా అవ్వ పేరు ఎక్కడా ఉండదు. ‘బలగం’ చివరి పాటతో జనాన్ని ఏడిపించిన బుడగజంగాల కళాకారుడు పస్తం మొగిలయ్య జబ్బుతో పోరాడి 2024 డిసెంబరులో చనిపోయారు. వైద్యానికి దాతలు, ప్రభుత్వం చేయూతనివ్వాల్సిన స్థితి ఆయనది. జానపదం మీద ప్రేమ ఉన్నవాళ్లు కోపం చూపాల్సిన చోటు ఇది. పాట ఎవరి నోట విన్నారో వీడియో కింద రాయాలని, వచ్చిన డబ్బులో ఆ ఇంటికి వాటా పోవాలని, డప్పు శబ్దాన్ని రికార్డు చేసుకున్న స్టూడియో వాయించిన మనిషికి చెల్లించాలని ఒత్తిడి తేవాలి.

చివరి మాట అభిరుచి గురించే. అది వారసత్వంగా వచ్చే ఆస్తి కాదు, ఎంచుకుంటే వచ్చేది. ఎంచుకోవాలంటే చేతికి అందాలి. 1954లో జేబులో పట్టే ట్రాన్సిస్టర్ రేడియో అమెరికా మార్కెట్లోకి వచ్చాకే అక్కడి పిల్లలు హాల్లో ఉన్న పెద్దరేడియో నుంచి, దాని ముందు కూర్చున్న నాన్న నుంచి విడివడి తమకు నచ్చింది విన్నారు. మన దగ్గర ఆ పని మొదట క్యాసెట్ చేసింది, తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించుకోవడం చేసింది, 2016 నుంచి చౌక డేటా చేసింది. ఇవాళ మందమర్రి పిల్లవాడి ఫోనులో లంబాడా పాట పక్కన ఇళయరాజా, అయ్యప్ప భజన పక్కన ర్యాప్ ఉంటాయి. అన్ని రకాలు విని, వాటిలోంచి తనది ఏరుకునే అవకాశం వాళ్ల తాతలకు లేదు.

ఆదిలాబాద్ ఈ విషయంలో మనకు గొప్ప ఆదర్శాన్నే ఇచ్చింది. సామల సదాశివ ఆ జిల్లాలో ఉపాధ్యాయుడిగా బతుకుతూ హిందుస్తానీ సంగీతాన్ని, ఉర్దూ గజల్‌ను ప్రేమించారు. ఆ ప్రేమను హాయైన తెలుగులో పంచారు. ‘స్వరలయలు’ పుస్తకానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన ఊరూ కాదు, భాషా కాదు, నచ్చింది కాబట్టి ఆ సంగీతం ఆయనదయింది. అభిరుచి అంటే అది. సదాశివకు ఉన్న ఆ స్వేచ్ఛను ఆయన జిల్లా పిల్లలకు కాదనే అధికారం మనకెక్కడిది? 1977లో అంతరిక్షంలోకి పంపిన వాయేజర్ నౌకల బంగారు రికార్డులో హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. అదే రికార్డులో చక్ బెర్రీ ‘జానీ బి గుడ్’ కూడా ఉంది, అంతకు ఇరవై ఏళ్ల ముందు రొద అని తిట్లు తిన్న పాటే. మనిషి జాతి తన సంగీతమంటూ రెంటినీ కలిపి పంపింది.

పిల్లల పాట నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఏ చరణం, ఏ దరువు, ఎందుకు నచ్చలేదో చెప్పండి. వాళ్లు వింటారు, వాదిస్తారు, కొన్నిసార్లు ఒప్పుకుంటారు కూడా. మోత పెరిగితే పోలీసులకు చెప్పండి, వాటా ఎగ్గొడితే నిర్మాతను నిలదీయండి. వాళ్లకు అభిరుచే లేదని మాత్రం అనకండి. అది అబద్ధం.